కొండమీద ఎకరం ధర ఏ పుస్తకంలో ఉంది?

విలువ కట్టేవాడికి ముందు కావలసింది పోలిక. పక్క వీధిలో అలాంటి ఇల్లు ఎంతకు అమ్ముడైందో, గట్టు అవతలి పొలం ఎంతకు పోయిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతాదంతా కొలతలు, ఫొటోలు, సంతకం. నేను విశాఖపట్నంలో భూములకూ భవనాలకూ విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్‌ని. మా చుట్టాలు ఇప్పటికీ "నువ్వు ఇంజినీరువా, బ్రోకర్‌వా?" అని అడుగుతారు. బ్యాంకు అప్పిచ్చే ముందు, అన్నదమ్ములు పంచుకునే ముందు "దీని ఖరీదు ఇంత" అని రాసిచ్చి, రేపు కోర్టు పిలిస్తే ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పుకోవాల్సిన మనిషిని.

ఆ అంకె ఎక్కణ్ణించి వస్తుందన్నదే అసలు కథ. మా అక్క కొడుకు డాలస్ దగ్గర ఇదే పని చేస్తాడు. అక్కడ అప్రైజర్ అంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే గోల: "వచ్చిందంతా చందాలకే పోతోంది మామయ్యా." అమెరికాలో ఇళ్ల బ్రోకర్లు ఊరూరా కలిసి ఒక ఉమ్మడి జాబితా నడుపుతారు. ఎంఎల్‌ఎస్ అంటారు. ఏ ఇల్లు అమ్మకానికి వచ్చింది, ఎన్నాళ్లుంది, చివరికి ఎంతకు తెగింది, అన్నీ అందులోనే. ఒక్కో ప్రాంతానికి ఒక్కో జాబితా కాబట్టి రెండు ప్రాంతాల్లో పని చేసేవాడు రెండు చోట్లా కట్టాలి. పైగా టెక్సాస్‌లో అమ్మకం ధరను ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన లేదు. కౌంటీ ఆఫీసుకు వెళ్లి దస్తావేజు తిరగేసినా ధర కనిపించదు. ఇంటి రుణాల వ్యవహారం నడిపే ఫానీ మే సంస్థేమో రిపోర్టులో కనీసం మూడు పూర్తయిన అమ్మకాలు పోలికగా చూపాలంటుంది. ఆ మూడూ జాబితాలోనే దొరుకుతాయి, చందా కట్టకపోతే జాబితా తెరుచుకోదు. వాడి గోలలో న్యాయం ఉంది. ఇంగ్లండ్‌లో ఈ బాధ చాలావరకు లేదు. 1995 నుంచి జరిగిన ఇళ్ల అమ్మకాల ధరలను అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీయే అందరికీ ఉచితంగా పెట్టేసింది.

మన దగ్గర దేశమంతటికీ అలాంటి ఉమ్మడి జాబితా లేదు. ప్రకటనల పోర్టళ్లున్నాయి గానీ వాటిలో కనిపించేది అడిగే ధర. తెగిన ధర వేరు. అయితే తెల్లవాళ్ల కాలంలోనే మనకొక మంచి హక్కు వచ్చింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసి ఉంచే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆస్తి మనదే కానక్కర్లేదు. ఫీజు వందల్లోనే. అంటే టెక్సాస్‌లో డబ్బుపోసినా సర్కారు దగ్గర దొరకని సమాచారం ఇక్కడ చట్టప్రకారం బహిరంగం.

మరి మా కష్టమేమిటంటారా? ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, తీసి చూడండి. ఒక్కో లావాదేవీ కింద రెండు అంకెలుంటాయి: మార్కెట్ విలువ, ప్రతిఫలం. మొదటిది సర్కారు పుస్తకంలో ఆ సర్వే నంబరుకు వేసిన ధర. రెండోది కొన్నవాడు ఇచ్చానని రాసినది. పేజీ మీద పేజీ తిప్పండి, రెండూ చివరి రూపాయి దాకా ఒకటే. ఆ ఊళ్లో అందరూ బేరమాడకుండా సర్కారు ధరకే కొనుక్కున్నారని నమ్మాలన్నమాట! తేడా చేతులు మారిన సంగతి కాఫీ హోటల్లో అందరూ చెబుతారు, కాగితం మీద ఎవరూ చెప్పరు. ఇంకో చిక్కు, ఈసీని సర్వే నంబరు ఇచ్చి వెతకాలి. "ఈ మండలంలో ఈ ఏడాది అమ్ముడైన రెండొందల గజాల స్థలాలన్నీ చూపించు" అంటే చూపించదు. నగరాల్లో కొన్ని కంపెనీలు ఈ దస్తావేజులన్నీ పోగేసి, వెతకడానికి వీలుగా అమర్చి, మాకు చందాకు అమ్ముతాయి. మనం స్టాంపు డ్యూటీ కట్టి రాయించుకున్న కాగితాలే మనకు మళ్లీ అమ్ముడవుతాయి. బ్యాంకు ఇచ్చే ఫీజు పెట్రోలుకూ ప్రింటుకూ పోగా ఆ చందా ఎక్కడ కట్టగలడు చిన్న వాల్యుయర్?

ఇదంతా మైదానం గోడు. కొండ కింద ఉన్న ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి అరకు ఘాట్ ఎక్కితే ఇది కూడా ఉండదు.

అరకు, పాడేరు, అనంతగిరి, చింతపల్లి ఏజెన్సీ ప్రాంతం, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతం. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. జనం నోట అది 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఎవరికీ బదిలీ చేయకూడదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. బొర్రా గుహల పక్కన గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజులివ్వకూడదంది. ఈ కట్టడి లేకపోతే అరకు ఈపాటికి రిసార్టుల చేతుల్లోకి పోయేది. అందులో నాకు అనుమానం లేదు. అందుకే ఫోన్లో "అరకు దగ్గర ప్లాట్లు" అని ప్రకటన చూసినప్పుడు ముందు ఆ ఊరు ఏ మండలంలో ఉందో కనుక్కోండి. చాలాసార్లు అది అరకు వెళ్లే దారిలో, కొండ కింద ఉంటుంది. కొండపైన ఉందంటే ఇంకా జాగ్రత్త.

కానీ ధర రాయాల్సినవాడికి దీనివల్ల ఏమవుతుంది? కొండమీద సర్వే నంబరుకు ఈసీ తీస్తే చాలాసార్లు 'నిల్' అని వస్తుంది. మైదానంలో కొనేవాడికి నిల్ ఈసీ పండగ. నాకు అక్కడ అది ఖాళీ కాగితం. గిరిజనుల మధ్య చేతులు మారిన పొలాలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తాయి. అటవీ హక్కుల పట్టాలైతే 2006 చట్టం ప్రకారం వారసులకు వస్తాయి గానీ అమ్మకానికి పనికిరావు. ఏ కంపెనీకి ఎంత చందా కట్టినా లేని అమ్మకాన్ని చూపించలేదు.

అమ్ముకోవడానికి వీల్లేని భూమికి ధరెందుకు అనొచ్చు. రోడ్డు వస్తుంది కాబట్టి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల్ని నిలువునా దాటుతుంది. రోడ్డుకు భూమి పోతే పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కన కట్టాలి. జాతీయ రహదారులకు 2015 నుంచి ఇదే కొలత. 26వ సెక్షన్ మూడేళ్ల దస్తావేజులు చూడమంటుంది, వాటిలో ఎక్కువ ధర పలికిన సగాన్ని తీసుకుని సగటు కట్టమంటుంది. దస్తావేజులన్నీ సర్కారు ధరకే రాసుంటే పై సగమైనా కింది సగమైనా ఒకటే. డ్యూటీ మిగుల్చుకోవడానికి ఊరంతా తక్కువ రాసుకున్న అంకె ఇక్కడ తిరిగి ఎదురొస్తుంది. కొండమీదివాళ్లది ఆ పాపం కూడా కాదు. వాళ్లు రాసుకున్నదే లేదు.

చట్టం రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోలేదు. అదే సెక్షన్ మూడో ఉపవిభాగంలో, వేరే చట్టం వల్ల భూమి లావాదేవీల మీద కట్టడి ఉన్నచోట, లేదా మూడేళ్ల దస్తావేజులు దొరకనిచోట, ఆనుకుని ఉన్న ప్రాంతంలో అలాంటి భూమి ధరను బట్టి రాష్ట్ర ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలని ఉంది. మంచిదే. ఏ ఊరు ఆనుకుని ఉన్నట్టు? అరకు వాలుకు కొలబద్ద ఘాట్ కింద ఎస్.కోట మెట్టా, పల్లమా, రోడ్డు పక్క స్థలమా? వీటి మధ్య ధర ఒకటికి నాలుగింతలు మారినా ఆశ్చర్యం లేదు. ఈ ఎంపిక ఎందుకు చేశారో ప్రతి గ్రామానికీ రాసి, భూమి తీసుకోక ముందే గ్రామసభలో చదివి వినిపించాలన్నది నా వాదన. తీసుకున్నాక చెబితే అది లెక్క కాదు, సమాచారం.

ఇంకో విడ్డూరం. ఏజెన్సీలో భూమికి ధర కట్టినట్టు కాగితం మీద దొరికేది చాలావరకు పాత సేకరణల అవార్డుల్లోనే. అదే జిల్లాలో ఈ చట్టం కింద ఇదివరకు ఇచ్చిన పరిహారాన్ని మార్కెట్ విలువ లెక్కలోకి తీసుకోవద్దని 26వ సెక్షన్ వివరణే చెబుతోంది.

ఒక కాఫీ తోటకు విలువ రాయడానికి వెళ్లినప్పుడు ఆ రైతు నన్ను నిలదీశాడు. "కింద కోటలో ఎకరం ధర నాకెందుకు బాబూ? అక్కడ మిరియం కాస్తాదా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన తోట చూస్తే కింద అరబికా మొక్కలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్, ఒక్కో చెట్టునూ చుట్టుకుని మిరియాల తీగ. చెట్టుకు సున్నంతో నంబరు వేసుకుంటూ నడిచాం. కాపుకొచ్చిన తీగ వేరు, నిరుడు నాటిన తీగ వేరు, ఎండిపోయిన ఓక్ వేరు. "అది రాయొద్దు, చచ్చిపోనాది" అని ఆయనే చెప్పాడు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ ఏళ్ల కూలీ, ఎదురుచూపు ఏ సెంటు ధరలోనూ ఉండవు. భూసేకరణ చట్టం 29వ సెక్షన్ చెట్లకూ మొక్కలకూ విడిగా, ఆ పని తెలిసినవాళ్ల చేత కలెక్టరు విలువ కట్టించవచ్చంటుంది. కొండమీద నిజమైన ధర చాలావరకు అక్కడే దాగుంటుంది.

జాతీయ రహదారి కేసుల్లో నిర్ణయించిన మొత్తం తక్కువనిపిస్తే ఆర్బిట్రేటర్ ముందుకు వెళ్లొచ్చు. 1956 జాతీయ రహదారుల చట్టంలోనే ఆ దారి ఉంది. అక్కడ నిలబడేది ఆదాయం చూపే కాగితం. గిరిజన సహకార సంస్థకు కాఫీ పోసిన రసీదు, మిరియాలు కొన్న వ్యాపారి చీటీ, ఏడాదికేడాది వరసగా. సంతలో తూచి డబ్బు చేతిలో పెట్టేవాడు చీటీ ఇవ్వడు, రైతూ అడగడు. నేను వెళ్లిన ప్రతి తోటలోనూ ఇప్పుడు ముందు చెప్పేది అదే: తేదీ, బరువు, ధర వేసి చీటీ రాయించుకోండి, ఇవ్వనంటే మీ నోటుబుక్కులోనైనా ఆ రోజే రాసి అతని చేత సంతకం పెట్టించండి.