కోచ్ "సపోర్ట్ చేస్తా" అంటే సీటు వచ్చినట్టేనా?

డల్లాస్ నుంచి ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, నేను స్విమ్మర్‌ని. ఒక కాలేజీ కోచ్ మా లిస్టులో నువ్వున్నావ్ అన్నారు. అమ్మ అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. నాకేమో భయంగా ఉంది" అని.

ఆ భయం కరెక్టే. ఎందుకంటే అమెరికాలో కోచ్ సీటు ఇవ్వలేరు. సీటు ఇచ్చేది అడ్మిషన్స్ ఆఫీసు. మన దగ్గర స్పోర్ట్స్ కోటా ఉంటుంది కదా, అక్కడ ఏ సర్టిఫికెట్‌కి ఎంత ప్రాధాన్యమో కాగితం మీద ఉంటుంది, కౌన్సెలింగ్ ఉంటుంది. ఇక్కడ అదేం లేదు. కోచ్ తనకు కావాల్సిన పిల్లల పేర్లు అడ్మిషన్స్‌కి పంపుతారు, అంతే. ఆ పేర్లకి ఎంత బలం ఉంటుందనేది కాలేజీని బట్టి, ఆటను బట్టి, ఆ ఏడాదిని బట్టి మారిపోతుంది.

అలాగని ఆ సపోర్ట్‌ని చిన్నదిగా చూడకండి. హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం, రిక్రూట్ చేసిన ఆటగాళ్లలో సుమారు 86 శాతం మందికి సీటొచ్చింది. వింటే కళ్లు తిరుగుతాయి! కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ 86 శాతం ఎవరిలో? కోచ్ చివరిదాకా లిస్టులో ఉంచిన వాళ్లలో. మధ్యలో జారిపోయినవాళ్లు ఆ లెక్కలోనే లేరు.

జారిపోవడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక కోచ్‌కి 3 స్లాట్లు ఉన్నాయనుకోండి. ఆయన 10 మందితో మాట్లాడతారు. అందరితోనూ ప్రేమగానే మాట్లాడతారు, అబద్ధం కూడా చెప్పరు. లిస్టులో నువ్వున్నావ్ అంటే నిజంగానే ఉన్నావ్, కాకపోతే 6వ నంబర్‌లో! పైవాళ్లు వేరే కాలేజీకి వెళ్తే నీ టర్న్. వెళ్లకపోతే మెల్లగా రిప్లైలు ఆగిపోతాయి.

అందుకే "ప్రీ-రీడ్" అనే మాట గుర్తుపెట్టుకోండి. 11వ తరగతి అయ్యాక వేసవిలో కోచ్ మీ మార్కులు, టెస్ట్ స్కోర్లు అడ్మిషన్స్‌కి పంపి ముందే అభిప్రాయం అడుగుతారు. ఐవీ లీగ్‌లో, డివిజన్ 3లోని టాప్ కాలేజీల్లో ఇది బాగా నడుస్తుంది. ఈ రెండు చోట్లా ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, కోచ్ చేతిలో ఉన్నది ఈ సపోర్టే. ప్రీ-రీడ్ బాగా వచ్చినా అది హామీ కాదు. ఐవీల్లో అక్టోబర్ 1 నుంచి "లైక్లీ లెటర్" ఇవ్వొచ్చు. అది అడ్మిషన్స్ ఆఫీసు రాతపూర్వకంగా ఇచ్చేది. కోచ్ వాట్సాప్ మెసేజ్‌కీ దీనికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

అసలు రిస్క్ ఎర్లీ డెసిషన్ దగ్గరుంది. చాలామంది కోచ్‌లు "మా దగ్గరే ఈడీ వెయ్యి" అంటారు. ఈడీ ఒక్క కాలేజీకే వేయగలం, సీటొస్తే చేరాల్సిందే. రాకపోతే డిసెంబర్ మధ్యలో తెలుస్తుంది, మిగతా కాలేజీల డెడ్‌లైన్లు చాలావరకు జనవరి మొదట్లోనే. అందుకని ఈడీ వేసేముందు కోచ్‌ని మొహమాటపడకుండా అడగండి: ప్రీ-రీడ్‌లో అడ్మిషన్స్ ఏమన్నారు? నాకు స్లాట్ వాడుతున్నారా, లేక ఒక మంచి మాట చెప్తారా? పోయిన మూడేళ్లలో మీరు ఇలా సపోర్ట్ చేసినా సీటు రానివాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్నలకి కోచ్‌లు ఏమీ అనుకోరు, రోజూ వినేవే. సమాధానం తిప్పి తిప్పి చెప్తే మాత్రం మీకు అర్థమైపోవాలి.

ఈ మధ్య అయోమయం ఇంకా పెరిగింది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, తర్వాత మారడంపై రూల్స్ కూడా సడలించారు. ఇప్పుడు కోచ్‌కి స్కూల్ పిల్ల కంటే వేరే కాలేజీలో రెండేళ్లు ఈదిన అమ్మాయి రెడీగా దొరుకుతోంది. 2024లో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ తీసేశారు. 2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్‌కి కోర్టు ఓకే చెప్పాక, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీల్లో టీమ్ సైజుకే లిమిట్ పడింది. స్విమ్మింగ్‌కి 30, టెన్నిస్‌కి 10. ఇంతకుముందు స్కాలర్‌షిప్ లేకపోయినా టీమ్‌లో చోటు దొరికేది. ఇప్పుడు ఆ చివరి కుర్చీలే ముందు పోతున్నాయి.

2019 కుంభకోణం గుర్తుందా? కొందరు కోచ్‌లు లంచం తీసుకుని ఆటే రాని పిల్లల్ని ప్లేయర్లుగా చూపించారు. ఆ తర్వాత యేల్ లాంటి చోట్ల కోచ్ పంపే పేర్లని పైవాళ్లు మళ్లీ చూసే పద్ధతి పెట్టారు.

హైదరాబాద్, విజయవాడ నుంచి టెన్నిస్‌తో ట్రై చేసేవాళ్లకి ఒక మాట. కోచ్‌లు మీ యూటీఆర్ రేటింగ్, మ్యాచ్ వీడియోలు చూస్తారు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ క్లియర్ అయితే ఆడటానికి అర్హత వచ్చినట్టు, సీటు వచ్చినట్టు కాదు. ఇక లక్షలు కట్టండి, సీటు గ్యారెంటీ అనే ఏజెంట్ ఎవరైనా కలిస్తే, కోచే ఇవ్వలేని గ్యారెంటీ మీరెలా ఇస్తున్నారండీ అని అడగండి.