తీగ లేని కంప్రెషర్: సత్తా, హద్దు

గాలిని నొక్కి, ట్యాంకులో నిల్వ చేసి, కావలసినప్పుడు పనిముట్టుకు అందించే యంత్రం ఎయిర్ కంప్రెషర్. సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన పంక్చర్ షాపుల్లో టైర్లు నింపేది ఇదే. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సార్టెక్స్ యంత్రం పట్టుకున్న రంగు మారిన గింజను పక్కకు ఊదేసేది నొక్కిన గాలే. బోరు బండి సుత్తిని ఆడించేదీ, రాతిపొడిని పైకి తెచ్చేదీ అదే. ఈ వంశంలో ఆఖరున పుట్టింది బ్యాటరీ కంప్రెషర్. కరెంటు ఇంకా రాని కొత్త ఇంట్లో, వోల్టేజీ పడిపోయే పొడవాటి వైర్లతో పనిలేకుండా నడవడం దాని ప్రత్యేకత. పని జరిగే చోట అది ఎంతవరకు నిలబడుతుందో లెక్క వేసి చూడవచ్చు.

ఈ వంశానికి మొదలు కొలిమితిత్తి. దాని నుంచి వచ్చే గాలికి ఒత్తిడి తక్కువ. 1760ల్లో జాన్ స్మీటన్ స్కాట్లండ్‌లోని ఇనుప కొలుములకు సిలిండరు, పిస్టన్‌లతో గాలి ఊదే యంత్రాలు రూపొందించాడు. నొక్కిన గాలి అసలు బలం ఆల్ప్స్ పర్వతాల్లో తెలిసింది. ఫ్రాన్స్, ఇటలీలను కలిపే ఫ్రెజుస్ సొరంగం పని 1857లో మొదలైంది. ఇంజనీరు జెర్మాన్ సొమేయే 1861 నుంచి గాలితో నడిచే డ్రిల్లింగ్ యంత్రాలను లోపలికి దించాడు. ఆవిరి యంత్రంలా పొగ రాదు. పనిచేసి వదిలిన గాలే కూలీలకు ఊపిరి అయింది. పాతికేళ్లు పడుతుందనుకున్న సొరంగం 1871లోనే తెరుచుకుంది.

తీగ తెంచుకోవడానికి మరో శతాబ్దం పట్టింది. బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1961లో బ్యాటరీ డ్రిల్లును తెచ్చింది. సోనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని అంగడికి పంపింది. 2005 ప్రాంతంలో ఆ బ్యాటరీ చేతి పనిముట్లలోకి చేరింది. కార్బన్ బ్రష్‌లు లేని మోటారు తోడయ్యాక గాలి నొక్కేంత శక్తి సమకూరింది.

బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి హద్దుంది. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లు. 500 వాట్ల మోటారును అది 11 నిమిషాలు తిప్పుతుంది. అంతటి మోటారు నిమిషానికి సుమారు 30 లీటర్ల గాలిని నొక్కుతుందనుకుంటే, ఒక్క చార్జింగుకు దక్కేది 330 లీటర్లు.

వడ్రంగి వాడే సన్న మేకుల గన్‌కు మేకుకు లీటరు గాలి సరిపోతుందనుకుంటే, ఒక బ్యాటరీతో మూడు వందలకు పైగా మేకులు దిగుతాయి. తలుపు చట్రాలకు బీడింగు కొట్టడానికి అది చాలు. కారు టైరులో తగ్గిన గాలి నింపడానికి సుమారు 35 లీటర్లు కావాలి. లారీ టైరును ఖాళీ నుంచి 110 పీఎస్‌ఐకి తేవాలంటే దాదాపు వెయ్యి లీటర్లు, అంటే మూడు బ్యాటరీలు. పెయింటు స్ప్రే గన్ నిమిషానికి 200 లీటర్లకు పైగా తాగుతుంది. 10 లీటర్ల ట్యాంకు 8 బార్ల నుంచి 5 బార్లకు దిగేసరికి ఇచ్చేది 30 లీటర్లే కాబట్టి, ఆ నిల్వతో స్ప్రే పది సెకన్లు కూడా సాగదు.

రెండో హద్దు వేడి. 30 డిగ్రీల గాలిని, వేడి బయటికి పోనివ్వకుండా, ఒకే దెబ్బలో 8 బార్లకు నొక్కితే సిద్ధాంతం ప్రకారం అది 300 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. ఉమ్మడి నల్లగొండ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు ఆ లెక్క 320కి పెరుగుతుంది. సిలిండరు రెక్కలు కొంత వేడిని వదిలినా, ఆగకుండా నడిపితే పిస్టన్ రింగు తొందరగా అరుగుతుంది. ఇలాంటి చిన్న యంత్రాలు ఎక్కువగా నూనె లేనివి. టెఫ్లాన్ రింగు తనంతట తానే జారుతుంది. నూనె వేసే రకం ఎక్కువ కాలం మన్నుతుంది గానీ బరువెక్కువ, సమతలంగా నిలపాలి. లిథియం బ్యాటరీని 40 డిగ్రీలు దాటిన ఎండలో చార్జింగు పెట్టడం దాని ఆయుష్షును తగ్గిస్తుంది. అందుకే చార్జరు నీడలో ఉండాలి. వేడెక్కిన బ్యాటరీ చల్లారాకే చార్జింగుకు పెట్టాలి.

ఇక యంత్రానికి శత్రువు నీరు. నొక్కిన గాలి చల్లబడగానే అందులోని తేమ ట్యాంకు అడుగున చేరి, లోపలి నుంచి ఇనుమును తినేస్తుంది. వానాకాలంలో ఇది మరింత ఎక్కువ. రోజు పని ముగిశాక మోటారు ఆపి, ఒత్తిడి తగ్గించి, అడుగు వాల్వు తిప్పి నీరు వదలాలి. సిమెంటు దుమ్ము పట్టిన ఫిల్టరును శుభ్రం చేయకపోతే మోటారు ఎక్కువసేపు తిరిగి బ్యాటరీని తినేస్తుంది. మోటారు ఆగినా గేజి ముల్లు దిగుతుంటే గాలిని వెనక్కి పోనివ్వని వాల్వునో, గొట్టం బిగింపులనో అనుమానించాలి. సబ్బు నీరు రాస్తే బయటి లీకు బుడగలతో బయటపడుతుంది. ట్యాంకు ఉబ్బినా, తుప్పు తిన్నా అతుకు వేయించి వాడకూడదు. అది పేలితే ప్రాణం పోతుంది. రక్షణ వాల్వును బిగించేయకూడదు.

మేకులు, కారు టైర్లు, దుమ్ము ఊదడం వంటి విరామాలున్న పనులకు తీగ లేని కంప్రెషర్ నమ్మదగిన పనిముట్టు. స్ప్రే, లారీ టైర్లు, రాతి డ్రిల్లింగు వంటి నిరంతర పనులకు కరెంటు లేదా డీజిలు కంప్రెషరే తగినది. కొనేముందు పెట్టె మీది గరిష్ఠ పీఎస్‌ఐ ఒక్కటే చూస్తే చాలదు. నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో, చేయబోయే పనికి ఎంత కావాలో పోల్చి చూడాలి. ఆ లెక్క కుదిరితే ఆ యంత్రం పని మధ్యలో చేయివ్వదు.