తేయాకు తోట నుంచి డ్యాష్‌బోర్డు దాకా

కారులో ఏసీ వేయగానే డ్యాష్‌బోర్డు లోపలి నుంచి వినిపించే హోరు బ్లోయర్‌ది. చలిదేశాల వాళ్లు దాన్ని హీటర్ బ్లోయర్ అంటారు. మనకు హీటర్‌తో పని పడేది తక్కువే. అయినా మే నెల విజయవాడ ఎండలో చల్లగాలిని మన మొహాన కొట్టేది కూడా అదే మోటారు.

దాని గాలిచక్రం పుట్టుక వెనుక అస్సాం ఉంది. శామ్యూల్ క్లీలాండ్ డేవిడ్‌సన్ అనే ఐర్లండ్ కుర్రవాడు 1864లో కచార్ తేయాకు తోటల్లో పనికి వచ్చాడు. అప్పట్లో ఆకును బొగ్గు నిప్పుల మీద ఆరబెట్టేవాళ్లు. అతను వేడిగాలితో ఆరబెట్టే యంత్రాన్ని తయారుచేసి, ‘సిరోకో’ అని పేరుపెట్టి, 1881లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్యాక్టరీ తెరిచాడు. ఆకు బాగా ఆరాలంటే గాలి ధారాళంగా అందాలి. ఆనాటి ఫ్యాన్లకు పెద్ద పెద్ద రెక్కలు నాలుగైదు ఉండేవి. డేవిడ్‌సన్ వాటిని తీసేసి, డ్రమ్ము అంచు చుట్టూ సన్నని రెక్కలు పదుల సంఖ్యలో నిలబెట్టి, తిరిగే దిశకే వంపు తిప్పాడు. గాలి చక్రం నడుమ నుంచి లోపలికి వచ్చి అంచుల గుండా బయటికి చిమ్ముతుంది. చిన్న చక్రమే, చప్పుడు తక్కువ, గాలి మాత్రం బోలెడు. 1898లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇరుకైన చోట ఎక్కువ గాలి కావాలంటే ఇంతకన్నా తెలివైన ఆకారం నాకు తెలియదు. ఇవాళ గ్లవ్ బాక్స్ వెనక తిరిగేది ఈ వంశపు చక్రమే.

కార్లకు తలుపులు, అద్దాలు బిగిశాక లోపలి గాలి సంగతి ముందుకొచ్చింది. అమెరికాలో నాష్ కంపెనీ 1938లో బయటి గాలిని వడగట్టి, ఇంజను వేడినీటితో వెచ్చబెట్టి లోపలికి పంపే ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది ప్యాకార్డ్ కారు ఏసీతో వచ్చింది.

ఇక మోటారు. ఇది 12 వోల్టుల డీసీ మోటారు. ఫుల్ స్పీడులో 15 ఆంపియర్లు లాగిందనుకుంటే 180 వాట్లు, అంటే మన ఇంటి సీలింగ్ ఫ్యాన్లు రెండింటి కన్నా ఎక్కువ. లోపల రెండు కార్బన్ బ్రష్‌లు తిరిగే రాగి కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. అలా ఒరుసుకునే అవి అరిగిపోతాయి. బ్లోయర్ ఆగిపోయినప్పుడు మోటారు మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే కాసేపు తిరిగిందంటే, బ్రష్‌ల పని దాదాపు అయిపోయినట్టే. కీచుమంటే మోటారు ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు ఎండిపోయాయి. టపటపమంటే చక్రంలో ఎండుటాకులు పడి ఉండొచ్చు.

మోటారు మీద నేరం మోపే ముందు రెసిస్టర్‌ను చూడాలి. చాలా కార్లలో ఒకటి, రెండు, మూడు నంబర్ల స్పీడుకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, నాలుగో నంబరుకు నేరుగా వెళ్తుంది. కాబట్టి నాలుగులో మాత్రమే తిరుగుతుంటే మోటారు బాగానే ఉంది, కాలింది రెసిస్టర్. అది వేడెక్కే వస్తువు కాబట్టే దాన్ని బ్లోయర్ గాలి తగిలే చోట బిగిస్తారు. కొత్త రెసిస్టర్ కూడా మళ్లీ కాలిందంటే మాత్రం మోటారే బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం.

మోటారు మార్చడం చాలా కార్లలో ఇంట్లోనే అయ్యే పని. గ్లవ్ బాక్స్ వైపు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది గనుక ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. చాలా వాటిలో గ్లవ్ బాక్స్ దించితే మోటారు అడుగు భాగం కనిపిస్తుంది. కనెక్టర్ లాక్ నొక్కి లాగి, చుట్టూ ఉన్న మూడు స్క్రూలు విప్పితే చక్రంతో సహా చేతిలోకి జారుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగితే అదీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త మోటారు ఆ వదులు పిన్నుల దగ్గరే మళ్లీ వేడెక్కుతుంది. మోటారు చల్లబడడానికి చిన్న రబ్బరు గొట్టం ఉన్న కార్లలో దాన్ని మరవకుండా తిరిగి తగిలించాలి. బిగించే ముందు చక్రాన్ని వేలితో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి.

అదే చేత్తో ఏసీ ఫిల్టరు కూడా తీసి చూడండి. మన రోడ్ల దుమ్ముకు అది అట్టకట్టుకుపోయి ఉంటుంది. గాలి ఆడక చల్లదనం తగ్గుతుంది, మనం నాబ్ నాలుగు మీద పెట్టేస్తాం, బ్రష్‌లు ఆ స్పీడులోనే రోజంతా అరుగుతాయి.