అడ్వాన్సు ఎవరి సొమ్ము?

అమీర్‌పేటలో టు-లెట్ బోర్డు కనిపించని సందు అరుదు. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులు నేర్చుకునేందుకు జిల్లాల నుంచి వచ్చే పిల్లలు, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి రోగిని తీసుకువచ్చి పక్క వీధిలో గది తీసుకునే బంధువులు, 2017లో మెట్రో రైలు వచ్చాక ఆ సౌకర్యం కోసమే ఇటు మారిన చిరుద్యోగులు, అందరూ ముందుగా అడిగేది అద్దె ఎంత అని. ఆ తర్వాత అడ్వాన్సు ఎంత అని. ఖాళీ చేసిన రోజున ఆ అడ్వాన్సు చేతికి వస్తుందా అని అడిగినవారిని మాత్రం నేను చూడలేదు. అడిగితే ఇల్లే ఇవ్వరేమోనని భయం.

ఈ విషయంలో ఇతరులకు చెప్పబోయే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. పంజాగుట్ట వెనుక సందులో మాకు చిన్న ఇల్లుంది. పైన ఒక గది, వంటిల్లు అద్దెకు ఇస్తుంటాం. కొన్నేళ్ల కిందట నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బాయి అందులో ఉండేవాడు. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాడు. అద్దె ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఉద్యోగం దొరికి వేరేచోటికి మారుతూ, నెల రోజుల ముందే నాకు చెప్పాడు కూడా. తీరా ఖాళీ చేసే రోజున నా దగ్గర డబ్బు లేదు. ఆ సొమ్ము ఎప్పుడో అమ్మాయి కాలేజీ ఫీజు కింద పోయింది.

"కొత్తవాళ్లు రానీ బాబూ, వాళ్లు అడ్వాన్సు ఇవ్వగానే నీది నీకు ఇచ్చేస్తాను" అన్నాను.

"పది దినాలు ఆగుమంటే ఆగుత సార్. కానీ కొత్త రూముకాడ అడ్వాన్సు కట్టకుంటె సామాను లోపలికి రానిస్తలేరు" అన్నాడు.

నలభై రోజుల తర్వాత ఇచ్చాను. ఈలోగా అతను వడ్డీకి తెచ్చి కొత్త గదికి కట్టాడని తర్వాత తెలిసింది. వడ్డీ హరామ్ అని క్లాసులో పిల్లలకు చెప్పే నేను ఒక పిల్లవాడి చేత వడ్డీ కట్టించాను. అతను ఆ మాట నాతో అననైనా లేదు.

నేను చెప్పిన ఆ జవాబు నా ఒక్కడిదే కాదు. ఈ వీధుల్లో రోజూ వినిపించే మాటే. దాని అర్థం ఏమిటంటే, పాతవాడి డబ్బు ఖర్చయిపోయింది, కొత్తవాడి డబ్బుతో తీరుస్తాం, కొత్తవాడి వంతు వచ్చినప్పుడు చూసుకుందాం అని.

మదర్సాలో మా ఉస్తాద్ వదీఅత్‌కూ ఖర్జ్‌కూ తేడా చెబుతూ చాలా రోజులు తీసుకున్నారు. వదీఅత్ అంటే దాచమని ఇచ్చిన సొమ్ము, అమానత్. దాన్ని ముట్టుకోకూడదు. జాగ్రత్తగా ఉంచినా దొంగలు ఎత్తుకుపోతే దాచినవాడి పూచీ లేదు. ఖర్జ్ అలా కాదు. తీసుకున్నవాడు వాడుకోవచ్చు. కానీ ఇల్లు కాలినా, వ్యాపారం మునిగినా తిరిగి ఇవ్వాల్సిందే. అమానత్‌ను తన సొమ్ములో కలిపేసుకున్నవాడు పూచీదారు అవుతాడని హిదాయా వంటి ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. మన ఇంటి యజమానులు అడ్వాన్సును మాటవరసకు "అమానత్" అంటారు, చేతల్లో సొంత సంపాదనలా ఖర్చు పెడతారు. ఖర్చు పెట్టిన క్షణం నుంచి అది అప్పు. కొత్త కిరాయిదారు వస్తాడా రాడా అన్నదానితో ఆ అప్పుకు సంబంధం లేదు.

హజ్రత్ జుబైర్ (రజి) ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. జనం ఆయన దగ్గర డబ్బు దాచుకోవడానికి వచ్చేవారు. దాన్ని ఆయన అమానత్‌గా తీసుకునేవారు కాదు. పోతే వాళ్లు నష్టపోతారని భయపడి, అప్పుగానే రాసుకునేవారు. ఆయన మరణించాక కుమారుడు అబ్దుల్లా లెక్క చూస్తే బాకీ 22 లక్షలు తేలింది. ఆస్తి అమ్మి తీర్చాడు. తీర్చిన తర్వాత కూడా వారసులకు వెంటనే పంచలేదు. జుబైర్ మీద ఎవరికైనా బాకీ ఉంటే రండని నాలుగేళ్లపాటు హజ్ సమయంలో చాటింపు వేయించాడు. రెండు నెలల అద్దె తిరిగివ్వడానికి కిరాయిదారుని నాలుగుసార్లు తిప్పే మనం ఈ ఉదంతం చదివి సిగ్గుపడాలి. నేను పడ్డాను.

చట్టం మాటకొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టమే రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు సంక్రమించింది. అందులోని 7వ సెక్షన్ ప్రకారం యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అంతకుమించి తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, లేదా కిరాయిదారు కోరితే సర్దుబాటు చేయాలి. గూడూరులోని ఒక హోటల్ వ్యవహారం ఇదే సెక్షన్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అద్దె బకాయి పడ్డారు కాబట్టి ఖాళీ చేయాలని యజమాని వాదం. పరిమితికి మించిన అడ్వాన్సును తన దగ్గర ఉంచుకున్న యజమాని, కిరాయిదారును ఎగవేతదారు అనడం చెల్లదని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇంత మంచి సెక్షన్ ఉండి అమీర్‌పేట కిరాయిదారుకు ఒరిగిందేమిటి? దాదాపు ఏమీ లేదు. 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఆ చట్టం నుంచి బయటపడ్డాయి. ఇవాళ అమీర్‌పేటలో ఆ అద్దెకు కుటుంబం ఉండే ఇల్లు ఎక్కడుంది? చట్టం అలాగే ఉంది, ఇళ్లు దాని చేయి దాటిపోయాయి. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సివిల్ కోర్టు. ఇరవై వేల కోసం కోర్టు ఫీజు కట్టి, వకీలును పెట్టుకుని, వాయిదాలకు సెలవు పెట్టి తిరిగేవాడెవడు? పోలీసు స్టేషన్‌కు వెళితే సాధారణంగా వినిపించే జవాబు, ఇది సివిల్ తగాదా అని.

అందుకే కిరాయిదారులు తమ తీర్పు తామే ఇచ్చుకుంటున్నారు. చివరి రెండు నెలలు అద్దె ఆపేసి "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. యజమాని మండిపడతాడు. ఆయన మాటా వినాలి. ఆ తర్వాత కరెంటు బిల్లు బకాయి, పగిలిన సింకు, విరిగిన కిటికీ తేలితే దేంట్లోంచి రాబట్టుకోవాలి? ఒక్క పోర్షన్ అద్దెతో ఇల్లు గడుపుకునే వితంతువులు ఈ సందుల్లో ఉన్నారు. వాళ్లకు అడ్వాన్సు అక్రమ సంపాదన కాదు, ఒక ధైర్యం. అయితే రంగులు వెలిసినందుకు నెల అద్దె కోసుకునే ఆనవాయితీ మాత్రం నాకు మింగుడుపడదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాదని 1882 చట్టమే అంటోంది. ఒప్పందంలో ముందే రాసుకుని ఉంటే అది వేరు సంగతి.

హాస్టళ్ల పిల్లల సంగతి ఇంకా దయనీయం. 2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ రాగానే అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, పంజాగుట్ట హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసులు చేతపట్టుకుని బయలుదేరినవారిని గరికపాడు దగ్గర ఆంధ్ర సరిహద్దులో ఆపేశారు. ఆ కంగారులో అడ్వాన్సు మాట ఎత్తే వ్యవధి ఎవరికుంది? అద్దె ఇళ్లవారికి మూడు నెలల అద్దె వాయిదా వేయాలని ఏప్రిల్‌లో ప్రభుత్వం చెప్పింది. హాస్టల్ పిల్లలకు తెలియనిది మరొకటి ఉంది. బస, భోజనం సేవల కిందికి వస్తాయని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కాబట్టి హాస్టల్ అడ్వాన్సు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇంటి కిరాయిదారుకు కోర్టు కాకుండా దగ్గరి దారి లోక్ అదాలత్. కేసు వేయకముందే న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఇవన్నీ చేయాలంటే కాగితం ఉండాలి. రుణ వ్యవహారం రాసుకోండని చెప్పే ఆయత్ ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. మనం మాత్రం నగదు చేతికిచ్చి, రసీదు అడిగితే అపనమ్మకమనుకుంటారేమోనని మొహమాటపడతాం. కనీసం బ్యాంకు ద్వారా పంపినా ఒక ఆధారం ఉంటుంది.

మన బస్తీల్లో "హెవీ డిపాజిట్" అని మరొకటి నడుస్తోంది. రెండు మూడు లక్షలు ఒకేసారి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు. ఇచ్చిన సొమ్ము పూర్తిగా తిరిగి వస్తుందంటే అది అప్పే. అప్పు మీద ఊరికే ఇల్లు అనుభవించడం వడ్డీ కిందికే వస్తుందని ఎంతోమంది ఉలమా అంటారు. దీన్ని పక్కన పెట్టినా, స్వాధీన తనఖా రిజిస్టర్ చేయించాలని చట్టం. చేయించేవారు తక్కువ. యజమాని ఇల్లు అమ్మేస్తే ఆ లక్షల కోసం ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి యజమాని అడ్వాన్సును గుర్తింపు పొందిన పథకంలో రక్షణకు పెట్టాలి. ఇప్పుడు దానికి గడువు 30 రోజులు. పెట్టకపోతే ఆ సొమ్ముకు మూడింతల దాకా కిరాయిదారుకు చెల్లించాల్సి రావచ్చు. మన దేశంలో 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంది, ఇల్లు అప్పగించిన రోజునే కోతలు పోను మిగతాది ఇవ్వాలంది. అయితే నమూనా నమూనాయే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. సొమ్మును విడిగా ఒకచోట ఉంచాలన్న నియమం అందులోనూ లేదు.

ఆ అబ్బాయి వెళ్లాక మా పై గదికి వచ్చినవారి ఒప్పందంలో ఒక వాక్యం అదనంగా రాశాను. ఈ సొమ్ము నా మీద అప్పు, తాళంచెవి ఇచ్చిన రోజునే చెల్లిస్తాను అని. దాన్ని పోస్టాఫీసులో వేరే ఖాతాలో వేశాను. ఆ ఖాతాకు పడే వడ్డీ ఏం చేయాలన్నది వేరే మస్‌అలా, దాని గురించి మరో శుక్రవారం. ఒప్పందం చదివి కొత్త కిరాయిదారు నవ్వి, "పాస్‌బుక్ చూపిస్తారా సార్?" అన్నాడు. చూపించాను.