అమరావతి పాలరాయి పాలరాయి కాదు!

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు కబురు చేశారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ తర్వాత ఎమ్మెస్సీ జియాలజీ కూడా చదివాం కాబట్టి, మాకు తెలిసిన రాళ్ళ గురించే రాస్తున్నాం. "రాళ్ళలో ఏముంటుంది అన్నా?" అని తమ్ముళ్ళు నవ్వుతారని తెలుసు. ఇదే హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుకున్న రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం.

చిన్న తరగతుల్లో "అమరావతి శిల్పాలు పాలరాతితో చెక్కినవి" అని కంఠతా పట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాం. పీజీలో చేరాక తెలిసింది, అది పాలరాయి కాదని. అది పల్నాటి సున్నపురాయి.

మరి పాలరాయి అంటే ఏమిటి? దాని తల్లి కూడా సున్నపురాయే. లోతు లేని సముద్రాల అడుగున సున్నపు పదార్థం పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి సున్నపురాయి అవుతుంది. దాని రసాయన నామం కాల్షియం కార్బొనేట్. భూమి కదలికల వల్ల కొండలు పుట్టేటప్పుడు ఈ రాయి లోతుకు కూరుకుపోతే, అక్కడి వేడికీ ఒత్తిడికీ లోనవుతుంది. కరగదు గానీ, లోపలి పలుకులు కొత్తగా పెరిగి ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. పాత పొరలు చాలావరకు చెరిగిపోతాయి. అదే పాలరాయి. పంచదారకూ పటికబెల్లానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. పదార్థం ఒకటే, పలుకు మారింది.

ఇటలీలోని కరారా పాలరాయి దాదాపు 20 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రంలో పేరుకున్న సున్నం. సుమారు 2.7 కోట్ల ఏళ్ళ క్రితం కొండల ఒత్తిడిలో పాలరాయిగా మారింది. పొరలు లేవు కాబట్టి శిల్పి ఎటు కావాలంటే అటు చెక్కవచ్చు. వెలుతురు కొద్దిగా లోపలికి దిగి తిరిగి వస్తుంది కాబట్టి, చెక్కిన బొమ్మ మనిషి చర్మంలా మెత్తగా కనిపిస్తుంది. మైకెలాంజిలో 1501 నుంచి 1504 వరకు 17 అడుగుల డేవిడ్ విగ్రహాన్ని చెక్కింది ఈ రాతిలోనే. మన దేశంలో తాజ్‌మహల్‌కు వాడింది రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయి. అదీ అసలైన పాలరాయే.

పల్నాటి రాయికి ఆ వేడి తగల్లేదు. భూమి మీద చెట్టూ జంతువూ లేని కాలంలో సముద్రం అడుగున పడిన పొరలు అలాగే నిలిచిపోయాయి. అందుకే అది పలకలుగా విడిపోతుంది. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు కూడా ఈ జాతివే. రాయి పలకగా వస్తుంది కాబట్టి అమరావతి శిల్పులు నిలువెత్తు దిమ్మల కంటే పలకల మీదే ఎక్కువగా బొమ్మలు తీర్చారు. ఆ పలకలనే స్తూపం చుట్టూ తాపడం చేశారు. పలుకు చాలా సన్నం కాబట్టి వేలెడంత మనిషి ముఖంలో కూడా కళ్ళూ పెదవులూ స్పష్టంగా తేలాయి. శాతవాహనుల కాలపు శిల్పుల గొప్పతనంలో ఈ రాతి స్వభావానికీ వాటా ఉంది.

మరి పాలరాయి అనే పేరెలా వచ్చింది? లేత రంగులో ఉండి, నునుపు తేలే రాయిని చూసి ఇంగ్లీషువాళ్ళు అలా పిలిచారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మొదట మద్రాసుకు వెళ్ళాయి. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ చేరి, నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పేరు కూడా వాటితోపాటే ప్రయాణం చేసింది.

ఈ రెండు రాళ్ళకూ ఒకే బలహీనత ఉంది. ఆమ్లం పడితే బుసబుసా పొంగుతాయి. ఇనుప మేకుతో గీస్తే గీత పడుతుంది. పొగలోని గంధకం వానతో కలిస్తే పైపొర జిప్సంగా మారి పెచ్చులూడుతుంది. మూడు వందల ఏళ్ళకు పైగా ఆరుబయట నిలిచిన డేవిడ్ విగ్రహాన్ని 1873లో లోపలికి తరలించారు. హుస్సేన్ సాగర్ బుద్ధుడు గ్రానైట్ కాబట్టి ఆ భయం తక్కువ. కానీ ఆ విగ్రహాన్ని 1990లో పడవ మీద తరలిస్తుండగా అది నీట మునిగి, పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. 1992లో నిలబెట్టిన ఆ బొమ్మను చూసినప్పుడు వాళ్ళనూ తలుచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిప్పు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. అమరావతి స్తూపం పలకలు ఎన్నో ఇలాగే సున్నమైపోయాయి. కట్టడాలకు సున్నం కావాలి, రాయి చేతికి అందుతోంది. వాటి విలువ చెప్పేవాళ్ళు లేరు.

ఇది చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నాన్న పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీలో పనిచేశాడు. ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు. ఆ దుమ్ములో దగ్గుతూ సంపాదించిన కూలి డబ్బులతోనే సెలవులకు మా బస్సు చార్జీలు వచ్చేవి.

పీజీ పూర్తయ్యాక నాన్నను అమరావతి మ్యూజియంకు తీసుకెళ్ళాం. ఆయనకు చదువు రాదు. పేర్లు రాసిన బోర్డుల వైపు చూడనే లేదు. ఒక విరిగిన పలక అంచు దగ్గర వంగి చాలాసేపు చూశాడు. "ఇది మన బట్టీ రాయే కదరా!" అన్నాడు. మేము రెండేళ్ళు చదివి తెలుసుకున్నది ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. కాసేపాగి, "మనం కాల్చినదాంట్లో ఇట్టాంటి బొమ్మలేం లేవులే" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

తమ్ముళ్ళూ, ఈసారి హాస్టల్‌కు వెల్ల వేసినప్పుడు గోడను ఒకసారి గమనించండి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో పోయిన రాయి మన గోడ మీద తిరిగి రాయవుతోంది.

వార్షికోత్సవం నాడు మేము వస్తున్నాం. భూతద్దం, పలుచని ఆమ్లం సీసా తెస్తాం. మీరు మీ ఊరి నుంచి తలా ఒక రాయి తెచ్చి ఉంచండి. అదేమిటో కలిసి చూద్దాం. మీ ఊళ్ళో దాన్ని ఏమని పిలుస్తారో అమ్మానాన్నలను అడిగి రావడం మాత్రం మరిచిపోకండి.