పెనుకొండకు వచ్చిన బంగారము, హంపీలో మిగిలిన పింగాణి

క్రీ.శ. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధము ముగిసి, అళియ రామరాయలు రణరంగమున కూలిన వార్త విజయనగరమునకు చేరగానే, ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజకుటుంబమును వెంటబెట్టుకొని, రత్నఖచితమైన సింహాసనముతో సహా బొక్కసములోని ధనరాశుల నెల్ల ఏనుగులపై కెక్కించి, దక్షిణముగా పెనుకొండ దుర్గమునకు తరలివచ్చెను. ఆ ఏనుగుల సంఖ్య 550 అని రాబర్ట్ సూయల్ తన 1900 నాటి గ్రంథమున వ్రాసినాడు. అది కొంత పెంచి చెప్పిన లెక్కయే కావచ్చును గాని, మన సీమలో జరిగిన ఇల్లు మారుటలలో ఇంత పెద్దది మరియొకటి నేను వినలేదు. ఆ సామానులో బంగారమును, వజ్రములను లెక్కించిన చరిత్రకారులు పింగాణి మాట ఎత్తలేదు. ఆ విజయనగరపు శిథిలములున్న హంపీలో పురావస్తు శాఖవారు త్రవ్వినప్పుడు మాత్రము చీనాదేశపు పింగాణి పెంకులు మట్టిలో కనబడినవి. అవి విందులో జారి పగిలినవో, యుద్ధము తరువాతి దోపిడిలో పగిలినవో చెప్పగలవారు లేరు. పగులు స్వభావము గల వస్తువు మాత్రము పగిలియే మనకు దొరికినది.

బంగారమునకు వరిగడ్డి చుట్టవలసిన పనిలేదు. ఏనుగు మీదినుండి బంగారు పళ్లెము జారి రాతిపై పడినను సొట్టపోవును గాని పగులదు. కంసాలి నాలుగు దెబ్బలు వేసి దానిని సరిచేయగలడు. లోహములలో పరమాణువుల పొరలు ఒకదానిపై నొకటి జారగలవు గనుక దెబ్బలోని శక్తి ఆ జారుటయందే ఖర్చయిపోవును. పింగాణిలోను గాజులోను బంధములు మిక్కిలి గట్టివే అయినను వాటికి జారు గుణము లేదు. తాళగలిగినంతసేపు తాళి, తాళలేని క్షణమున తెగిపోవును. కావున సామ్రాజ్యపు బొక్కసమును తరలించుటకంటె, సామాన్య గృహస్థుడు తన అవ్వనాటి ఊరగాయ జాడీని ధర్మవరము నుండి హిందూపురమునకు చేర్చుట భౌతికశాస్త్రదృష్టిలో కష్టతరమైన కార్యము.

గాజు పుట్టుకతోనే బలహీనమని లోకులు తలంతురు. 1920 ప్రాంతమున ఇంగ్లండులో గ్రిఫిత్ అను ఇంజనీరు అప్పుడే సాగదీసిన గాజుపోగులను లాగి పరీక్షించి, పోగు సన్నగిలిన కొలది అది మామూలు గాజుకంటె ఎన్నో రెట్లు బలము చూపుటను గమనించి, గాజుపాత్రకు చేటు తెచ్చునవి దాని ఒంటిమీద కంటికి కనబడని సూక్ష్మమైన నెర్రెలే యని నిరూపించెను. ధర్మవరపు అంగడిలో వర్తకుడు రవికగుడ్డ కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతుల లాగి సర్రున చించుట చూచినవారికి ఇందులో వింత యుండదు. గాటు లేనిచో అదే గుడ్డను చించుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. బలమంతయు ఆ గాటు కొనయందు గుమిగూడును. గాజులోని నెర్రె కొనయందును అట్లే. నొక్కినప్పుడు నెర్రె మూసికొనును గనుక గాజు నొక్కుడును చక్కగా ఓర్చును. వంగినప్పుడు ఒక వైపున కలుగు లాగుడునకు మాత్రము లొంగిపోవును.

అందుచేత సర్దుటకు ముందు చేయవలసిన పని మన పెద్దలు సంతలో చేసినదే. కుమ్మరి దగ్గర కుండ కొనునప్పుడు వ్రేలి కణుపుతో తట్టి చూతురు. ఖంగుమన్నచో మంచిది, బొద్దుగా పలికినచో ఎక్కడనో నెర్రె యున్నది, దాని రెండంచులు ఒరసికొని నాదమును మ్రింగివేయుచున్నవి. జాడీలను, గిన్నెలను ఇట్లు తట్టి చూచి, బొద్దుగా పలికినవానిని పాతయింటనే విడిచిపెట్టుట మంచిది. వాటికి ఎంత గుడ్డ చుట్టినను దండుగయే.

ఇక పడుట సంగతి. లారీ తొట్టి నుండి నేలకు సుమారు ఒక మీటరు. ఆ ఎత్తునుండి జారిన వస్తువు నేలను తాకునప్పటికి గంటకు 16 కిలోమీటర్ల వేగమును పొందును. పడినది జాడీయైనను దూదిమూటయైనను ఇది యింతే. భేదమంతయు ఆగుటలో నున్నది. రాతినేలపై జాడీ ఒక మిల్లీమీటరు దూరములో ఆగినదనుకొందము. ఒక మీటరు పొడవునా కూడబెట్టుకొన్న వేగమును ఒక్క మిల్లీమీటరులో పోగొట్టుకొనవలెను గనుక, దానిపై పడు బలము దాని బరువునకు వేయి రెట్లగును: 4 కిలోల జాడీకి 4 టన్నులు. అదే జాడీ 5 సెంటీమీటర్ల మేర మెల్లగా అణగుచు ఆగినచో, ఆ బలము బరువునకు ఇరువది రెట్లు, అనగా 80 కిలోలు మాత్రమే. ఒక లావుపాటి మనిషి జాడీపై నిలిచినంత బరువది. మంచి జాడీ దానిని ఓర్చుకొనగలదు. మెత్త అనగా ఆగు దూరమును కొనిపెట్టు వస్తువు. అంతకుమించి దానిలో మాయ లేదు. అయితే ఏ మెత్తయు పూర్తిగా అణగిపోదు కావున, 5 సెంటీమీటర్లు అణగవలెనన్నచో రెట్టింపు మందము పరచవలెను. ఇక్కడనే చాలమంది పిసినారితనము చూపుదురు.

బండ్ల కాలమున మనవారు వాడినది వరిగడ్డి, ఊక, పాత బొంత. బొంతను మించిన కవచమును నేను నేటికిని చూడలేదు. పొరపొరకు నడుమ గాలి నిలిచియుండును, పైగా అదియు తరలింపవలసిన సామానే గనుక వేరుగా ఖర్చు లేదు. పాశ్చాత్యులు అట్టపెట్టెలలో నింపు తెల్లని నురుగు తునకలకు ఆకారమును బట్టి వేరుశనగలని పేరు పెట్టుకొన్నారు. అసలు బుడ్డలు పండు మన సీమలో ఆ తునకలను డబ్బిచ్చి కొనుట చూచినప్పుడు నాకు నవ్వు వచ్చును. గింజకును పెంకునకును నడుమ కొంచెము ఖాళీ వదలి, పెంకుపై గట్టి ఈనెలల్లిన ఆ కాయయే ప్రకృతి కట్టిన చక్కని పెట్టె. దానిని కదిపినచో లోపల గింజ గలగలలాడును. ఆ ఒక్కటి మాత్రము మనము అనుకరింపరాదు.

ముడుతల అట్ట చరిత్రయు ముచ్చటైనదే. 1856లో ఇంగ్లండులో దానికి హక్కుపత్రము పొందినవారు టోపీల లోపలి అస్తరుకై దానిని ఉద్దేశించిరి. 1871లో న్యూయార్కు నగరవాసి ఆల్బర్ట్ జోన్స్ దానిని సీసాలకు, దీపపు చిమ్నీలకు చుట్టుటకై హక్కు పొందెను. 1957లో అమెరికాలో గోడలకు అంటించు అలంకార కాగితమును చేయబోయి బబుల్ రాప్ కనుగొనబడినది. గోడకు పనికిరాని ఆ సరకు తరువాత కంప్యూటర్లకు కవచమైనది.

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయమున వ్రేలాడు స్తంభమును చూడని వారు మనలో అరుదు. యాత్రికులు దాని క్రిందుగా గుడ్డను ఈవలి నుండి ఆవలికి లాగి మురియుదురు. పెట్టెలోని పాత్రయు అట్లే యుండవలెను. క్రిందనుగాని ప్రక్కలనుగాని పెట్టెగోడ తాకక, నలువైపుల మునుపు చెప్పినంత మందపు మెత్త ఉండవలెను. ఒక పాత్ర మరియొక పాత్రను తాకరాదు. ఈ రెండవ మాటను మరచి నేను ఒకసారి శాస్తి పొందితిని. పెనుకొండ నుండి హిందూపురమునకు ఇల్లు మారునప్పుడు, భోజనపు పింగాణి పళ్లెములు పన్నెండింటిని నడుమ కాగితమైనను లేకుండ ఒకదానిపై నొకటి పరుండబెట్టి, బిగియ కట్టితే చాలునని పురికొసతో కట్టితిని. విప్పిచూడగా అడుగున మూడు పగిలియున్నవి. లారీ ఎగిరిన ప్రతిసారి పైనున్న పళ్లెముల బరువెల్ల అడుగు పళ్లెమును నడుమ వంచినది. వంపు క్రిందితట్టున లాగుడు పుట్టినది. అక్కడి నెర్రె నోరు తెరచినది.

అవే పళ్లెములను అంచుపై నిలువుగా నిలిపియుండినచో బరువు పళ్లెపు తలమునందే నొక్కుడుగా సాగి, వంగుటకు అవకాశమే యుండెడిది కాదు. అద్దాల దుకాణమువాడు ఆటోలో అద్దమును నిలువుగా చెక్క చట్రమున కానించి తీసికొనిపోవుట ఇందుకే. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కర్మాగారమున 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. ఇట్టి కర్మాగారములకు చేరు ముందరి అద్దములు కూడ చట్రములలో నిలువుగా నిలిచియే ప్రయాణము చేయును.

పెట్టెలో ఖాళీ మిగులరాదు. ఒక్క పెద్ద దెబ్బకంటె దారి పొడవునా కలుగు చిన్న అదురుళ్లు మోసకారివి. అవి ఊకను అడుగునకు దించి, పైన చోటు చేసి, పాత్రకు ఆడుటకు వీలు కల్పించును. మూసిన పెట్టెను మెల్లగా ఊపి చెవియొగ్గి వినుడు. చప్పుడు వినబడినచో మరికొంత పాతగుడ్డ కూరుడు. జాడీని ఖాళీచేసి పంపుట మేలు. ఊరగాయతోనే పంపక తప్పదన్నచో వాసెన గట్టి నిలువుగా చేతి సంచిలో మీతోనే తీసికొనిపొండు.

ఒకనాటి ప్రయాణమునకు పనికివచ్చినదెల్ల అటకమీది నిలువకు పనికిరాదు. వరిగడ్డిని ఎలుకలు, చెదలు వెదకికొని వచ్చును. బబుల్ రాప్ బుడగలలోని గాలి బరువు క్రింద నెలల తరబడి మెల్లగా కారిపోవును. ధర్మవరపు పట్టుచీర విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. అది పగులు వస్తువు కాకున్నను మడతయందు విరుగు వస్తువు. అసలు జరీ అనగా పట్టుదారముపై చుట్టి బంగారు పూత పూసిన వెండి రేకు. లోహమైనను ఒకేచోట ఏండ్ల తరబడి వంగియున్నచో అలసి తెగును. కొన్ని నెలల కొకసారి మడత మార్చుట అందుకే. పట్టు గాలిలోని తేమను తన బరువులో నూటికి 11 పాళ్లవరకు మామూలుగానే పీల్చి యుంచుకొనును. ప్లాస్టిక్ సంచిలో బంధించినచో ఆ తేమ చల్లని రాత్రులలో చెమ్మగా మారి బూజునకు దారితీయును. ఉతికిన నూలుగుడ్డ మూటయే మేలు. రబ్బరు పట్టీలు దగ్గరకు రానీయకుడు. రబ్బరులోని గంధకము వెండిని నల్లబరచును.

చివరగా హమాలీల మాట. మనము పెట్టెపైమూతమీద గాజుసామాను అని పెద్ద అక్షరములు వ్రాసి తృప్తిపడుదుము. దానిపై మరియొక పెట్టె ఎక్కగానే ఆ అక్షరములు మాయమగును. నాలుగు ప్రక్కలను వ్రాయుడు. హిందూపురము విడిచిన లారీ కొద్దిసేపటికే కన్నడసీమలో ప్రవేశింపవచ్చును గనుక, అక్షరముల ప్రక్కన ఒక గాజు గ్లాసు బొమ్మ కూడ గీయుడు. పెట్టెను ఒక్కరు సులభముగా ఎత్తగలిగినంత బరువు మాత్రమే నింపుడు. బరువైన పెట్టెను ఎవ్వరును దించరు, పడవేయుదురు. లారీ వచ్చిన వెంటనే తొందరపడక, హమాలీలకు మజ్జిగ ఇచ్చి, ఏ పెట్టెలో గాజున్నదో ఏ పెట్టెలో ఇత్తడి యున్నదో చేతితో తాకి చూపి, ఆ తరువాతనే ఎత్తించుడు.