విడాకుల కాగితం మీద వేలిముద్ర వేసే ముందు...

మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుడొకరు ఇరవై ఏళ్లు పనిచేశాడనుకుందాం. నెలనెలా పీఎఫ్ కోత పడింది. ఆ ఇరవై ఏళ్లూ ఇల్లు నడిపి, కూలికీ వెళ్లిన భార్యకు విడాకులైతే అందులో ఎంత వస్తుంది? నేరుగా వచ్చేది ఏమీ లేదు.

కొన్ని దేశాల్లో విడాకులప్పుడు పెన్షన్‌నూ ఆస్తిలాగే పంచుతారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్-1995) కింద కార్మికుడు చనిపోతే వితంతు పెన్షన్ అతని భార్యకే వస్తుంది. విడాకులు పొందిన మహిళ ఆ లెక్కలోకి రాదు. పిల్లల హక్కు మాత్రం పోదు. ఒకేసారి ఇద్దరు పిల్లలకు, 25 ఏళ్లు నిండేదాకా పెన్షన్ అందుతుంది.

విడిగా ఉండటం వేరు, విడాకులు వేరు. భర్త వదిలేసినా, మరొకరితో కాపురం పెట్టినా, చట్టబద్ధంగా విడాకులు కానంతవరకు ఆమే భార్య. అతను పోతే వితంతు పెన్షన్‌కు హక్కుదారు ఆమే.

మన వాడల్లో చిక్కంతా ఇక్కడే. పెద్దమనుషుల పంచాయితీలో రాయించిన కాగితంతో తెగిపోయిందనుకుంటారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కులాచార విడాకులను గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం ఉందని రుజువు చేయాలి. క్రైస్తవ వివాహమైతే కోర్టు డిక్రీ తప్పనిసరి. అయినా వేలిముద్ర పడిన ఆ కాగితాన్నే రేపు పెన్షన్ దగ్గర ఆమెకు అడ్డం పెడతారు.

విడాకులు తప్పనప్పుడు అడగాల్సింది భరణం. మళ్లీ పెళ్లి చేసుకోని విడాకుల మహిళ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 (పాత సీఆర్పీసీ 125) కింద భరణం కోరవచ్చు. భర్తకు వచ్చే పెన్షన్ కూడా అతని ఆదాయమే. అయితే నెలవారీ భరణం అతను బతికున్నంతకాలమే అనుకోవాలి. అందుకే హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 కింద శాశ్వత భరణాన్ని ఏకమొత్తంగా అడగడం మేలు. డిక్రీ తర్వాత కూడా ఈ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు నిబంధనలు కొంత మెరుగు. విడాకుల కేసు నడుస్తున్న మహిళా ఉద్యోగి తన ఫ్యామిలీ పెన్షన్‌ను భర్తకంటే ముందు పిల్లలకు ఇవ్వాలని కోరేందుకు 2024 జనవరి నుంచి వీలుంది. ఇళ్లలో, పొలాల్లో, రోడ్ల మీద పనిచేసే మన అక్కచెల్లెళ్లకు అసలు పీఎఫ్ ఖాతానే ఉండదు. భర్త ఖాతాయే ఆ ఇంటికి దిక్కు.

అందుకే భర్త యూఏఎన్ నంబరు, నామినీ వివరాలు, పెళ్లి రుజువులు దాచుకోవాలి. లాయరుకో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో చూపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆ సంస్థలో న్యాయ సహాయం ఉచితం.